గాడిద కడుపులో నట్టలు – మందు కన్నా ముందు లెక్క

ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. (జంతుశాస్త్రం)

ఈ శీర్షిక చూసి నవ్వుకునే మిత్రులు కొందరైనా వుంటారని నాకు తెలుసు. కవితలూ, కథలూ, అంతరిక్ష యాత్రల వ్యాసాలూ వుండవలసిన సావనీరులోకి ఈ గాడిద ఎక్కడి నుంచి వచ్చిందయ్యా అని అడిగేవారూ వుంటారు. గాడిద అనే మాట మన తెలుగులో తిట్టుగానే ఎక్కువగా చెలామణీ అవుతోంది. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడని సామెత చెప్పుకుంటాం గాని, ఆ గాడిదకు కడుపునొప్పి వస్తే ఏం చేయాలో మనలో ఎవరికీ తెలియదు. జంతుశాస్త్రం చదువుకుంటున్నవాడిగా నాకు తెలిసిన సంగతులు నలుగురితో పంచుకోవడానికే ఈ చిన్న ప్రయత్నం.

మనలో చాలామంది బడిలో చదువుకునే రోజుల్లో ఫిబ్రవరి 10వ తేదీన ఆల్బెండజోల్ మాత్ర చప్పరించినవాళ్లమే. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినం జరుగుతోంది గదా! మాది వ్యవసాయ కుటుంబం. మా ఇంట గేదెలకూ, దూడలకూ నట్టల మందు తాగించడం మామూలే. గొర్రెలకూ మేకలకూ పశుసంవర్ధక శాఖవారు పల్లెపల్లెనా నట్టల నివారణ కార్యక్రమాలు పెడుతుంటారు. ఈ వరసలో ఎక్కడా కనపడనిది గాడిద ఒక్కటే. గాడిదలున్న ఒక పెద్దాయనను, "తాతా, వీటికి నట్టల మందు ఎప్పుడైనా పట్టించారా?" అని అడిగాను. "గాడిదకు రోగమేంటి బాబూ, రోడ్డుమీద ఏది దొరికితే అది తిని అరిగించుకునే జీవం గదండీ" అన్నాడాయన. ఆ నమ్మకంలో కొంత నిజం, కొంత ప్రమాదం వున్నాయి. ఆ రెండింటినీ విడదీసి చూడాలన్నదే నా ఉద్దేశం.

మిగిలినవి ఎన్ని?

2012 పశుగణనలో మన దేశంలో గాడిదలు సుమారు 3 లక్షల 20 వేలు. 2019లో జరిగిన 20వ పశుగణన నాటికి అవి సుమారు 1 లక్షా 20 వేలకు దిగిపోయాయి. అంటే ఏడేళ్లలో నూటికి అరవైకి పైగా తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌లో అదే కాలంలో సుమారు 10 వేల నుంచి 5 వేలకు తగ్గాయి. చాకిరేవుకు మూటలు మోసిన గాడిద స్థానంలోకి మోపెడ్ వచ్చింది. మట్టీ ఇటుకా మోసిన గాడిద స్థానంలోకి ట్రాక్టర్ వచ్చింది. దీనికి తోడు, గాడిద మాంసం తింటే బలం వస్తుందనీ ఆయాసం పోతుందనీ కోస్తాలో పాతుకుపోయిన ఒక మూఢనమ్మకం వుంది. ఆహార భద్రతా చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల్లో మాంసానికి కోయదగిన జంతువుల జాబితాలో గాడిద లేదు. అయినా మన పశ్చిమ గోదావరి, కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో దొంగచాటుగా కోసి అమ్ముతున్నారని 2021 ప్రాంతంలో పత్రికలన్నీ రాశాయి.

పని చేయగల గాడిద యజమాని దగ్గర వుంటుంది. చిక్కి శల్యమై, మూట ఎత్తలేక కూలబడే గాడిదను అతడు ఎన్నాళ్లు వుంచుకుంటాడు? వచ్చిన కాడికి అమ్మేస్తాడు. దాన్ని కొనేవాడు ఎవడో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి గాడిద కడుపులోని నట్టల సంగతి ఆ జంతువు ప్రాణానికీ, ఒక పేద కుటుంబం రోజు కూలికీ సంబంధించిన సంగతి.

కడుపులో ఎవరెవరున్నారు?

గాడిద పేగుల్లో కాపురముండే పురుగులు పలు రకాలు. ముఖ్యమైన నాలుగింటిని చెబుతాను.

మొదటివి పెద్ద స్ట్రాంగైలులు. వీటిలో స్ట్రాంగైలస్ వల్గారిస్ అన్నింటికన్నా ప్రమాదకారి. గడ్డితోపాటు కడుపులోకి పోయిన దీని పిల్లపురుగు పేగు గోడలోని సన్నని రక్తనాళంలోకి దూరి, రక్తం పారే దిక్కుకు ఎదురీది, పేగులకు రక్తాన్నిచ్చే పెద్ద ధమని మొదలు దాకా పోతుంది. అక్కడ నాళం గోడ వాచి, రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ముక్క విరిగి కిందికి పోతే పేగులో కొంత భాగం రక్తం అందక చచ్చిపోతుంది. నిన్నటిదాకా మూట మోసిన గాడిద ఇవాళ నేలమీద పడి పొర్లి పొర్లి చనిపోవడానికి ఇదొక కారణం.

రెండవవి చిన్న స్ట్రాంగైలులు. ఇవి సంఖ్యలో ఎక్కువ. వీటి పిల్లపురుగులు పెద్దపేగు గోడలో చిన్న చిన్న గూళ్లు కట్టుకుని నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు రెండేళ్ల దాకా, నిద్రావస్థలో వుండగలవు. అన్నీ ఒక్కసారి గూళ్లు చీల్చుకుని బయటపడ్డాయా, ఆపలేని పారుడు పట్టుకుని జంతువు నీరసించిపోతుంది.

మూడవది గుర్రజాతి ఏలికపాము, పారాస్కారిస్. ఇది ముఖ్యంగా గాడిద పిల్లల శత్రువు. జానెడు నుంచి మూరెడు పొడవుండే తెల్లని పురుగు. ఒక్కొక్క ఆడపురుగు రోజుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. దీని గుడ్డు పెంకు దళసరి; మట్టిలో ఏళ్ల తరబడి చెడకుండా వుంటుంది. జంతుశాస్త్ర విద్యార్థులకు ఇది పాత స్నేహితుడే! పాత పుస్తకాల్లో దీని పేరు అస్కారిస్ మెగలోసెఫలా. క్షయకరణ విభజనను వాన్ బెనెడెన్ 1883లో గమనించిందీ, క్రోమోజోముల గురించి బోవెరీ తన ప్రసిద్ధ పరిశీలనలు చేసిందీ ఈ పురుగు గుడ్ల మీదే. ఈ పురుగులో ఒక జాతికి ఒకే ఒక జత క్రోమోజోములుండటం వల్ల సూక్ష్మదర్శిని కింద లెక్క తేలిక. మనకు కణశాస్త్రం నేర్పిన పురుగే గాడిద పిల్ల పేగును మూసేసి చంపుతుందన్న సంగతి మాత్రం పాఠంలో రాదు.

నాలుగవది ఆక్సియూరిస్ అనే నులిపురుగు. ఇది ప్రాణం తీయదు గాని, మలద్వారం చుట్టూ గుడ్లు అంటించి దురద పెడుతుంది. గోడకూ చెట్టుకూ తోక రుద్దుకుని, తోక మొదట్లో వెంట్రుకలు రాలిపోయిన గాడిద కనిపిస్తే దీన్ని అనుమానించాలి.

ఇవి గాక బద్దెపురుగులూ, నత్తల ద్వారా వచ్చే కార్జపు జలగలూ, పొట్ట జలగలూ వున్నాయి. కార్జపు జలగ పేరు మన ప్రాంతపు గేదెల రైతులకు కొత్త కాదు.

మన నేల, మన నీరు

నట్ట ఎక్కువ కావడానికీ తక్కువ కావడానికీ నేలతో సంబంధముంది. స్ట్రాంగైలు గుడ్డు లద్దెతో బయటపడుతుంది. తగిన వెచ్చదనం, తేమ వుంటే ఒకటి రెండు రోజుల్లో పొదిగి, సుమారు వారం రోజుల్లో మూడవ దశ పిల్లపురుగవుతుంది. ఈ దశలో దాని ఒంటిమీద పాత చర్మం ఒక తొడుగులా మిగిలి వుంటుంది. నోరు మూసుకుపోయి అది ఏమీ తినలేదు; ఒంట్లో దాచుకున్న శక్తితోనే బతకాలి. గడ్డిపరక మీది తేమపొరలో పైకి పాకి, గాడిద నోటి కోసం ఎదురుచూస్తుంది. ఎండ కాసి నేల బీటలువారితే చస్తుంది. తేమ, నీడ దొరికితే వారాల తరబడి బతుకుతుంది.

ఇప్పుడు మన ప్రాంతాన్ని చూడండి. ఏలూరు కాలువల పట్నం. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీళ్లు కొల్లేట్లో చేరతాయి. కొల్లేటి నీళ్లు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. సార్వా, దాళ్వా రెండు పంటలకూ నీరు పారే తాడేపల్లిగూడెం వైపు బోదెల గట్లమీద పచ్చిక ఏడాదిలో ఎక్కువ నెలలు ఆరదు. రాయలసీమ మెట్టలో వేసవి ఎండ ఉచితంగా చేసే వైద్యం మన డెల్టాలో పూర్తిగా జరగదు. ముంపు తీసిన చోట, గుర్రపుడెక్క పట్టిన డ్రెయిన్ల పక్కన నత్తలుంటాయి. నత్తలున్నచోట జలగల భయమూ వుంటుంది. రోజంతా పనిచేసి, సాయంత్రం కాళ్లకు బందం వేసి వదిలిన గాడిద చాకిరేవు చుట్టూ వున్న ఆ కొద్ది పచ్చికనే రోజూ కొరుకుతుంది. తన లద్దె పడ్డ చోటనే తను మేస్తుంది. నట్టకు ఇంతకన్నా ఏం కావాలి?

లక్షణాలు, వాటి మోసం

చిక్కిపోవడం, వెంట్రుకలు మొరటుగా లేచి నిలబడటం, పిల్లల్లో పొట్ట ఉబ్బి వీపు వంగడం, కళ్ల లోపలి పొర పాలిపోవడం, పారుడు, అప్పుడప్పుడు కడుపునొప్పి – ఇవీ లక్షణాలు. ఇక్కడొక చిక్కుంది. గాడిద సహనశీలి. గుర్రం కడుపునొప్పి వస్తే పొర్లుతుంది, తన్నుకుంటుంది. గాడిద చాలాసార్లు చెవులు వాల్చి, తిండి మాని, ఒక మూల నిలబడిపోతుంది అంతే. మొండికేసిందని మనం కర్ర తీస్తాం. గాడిద తిండి మానడం చిన్న విషయం కాదు. తిండి లేనప్పుడు దాని ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి వెల్లువలా వచ్చి, కాలేయాన్ని దెబ్బతీసి ప్రాణం తీయగలదు. ఒక పూట మేత ముట్టని గాడిదను మరుసటి రోజుకు వాయిదా వేయకూడదు.

అలాగని చిక్కిన ప్రతి గాడిదకూ నట్టలే కారణమనుకోవడం కూడా పొరపాటే. పళ్లు అరిగి నమలలేకపోవచ్చు. అసలు మేతే చాలకపోవచ్చు. జోరీగలు అంటించే సర్రా వ్యాధి కావచ్చు. అందుకే మందుకు ముందు పరీక్ష అంటున్నాను.

మందుల కథ, మన భీమవరం పెద్దాయన

నట్టల మందుల చరిత్రలో మన జిల్లాకొక గౌరవ స్థానముంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1947లో బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అనే మందును లోకానికిచ్చింది. బోదకాలు కలిగించేదీ ఒక నట్టే గదా! హెట్రజాన్ రసాయన నిర్మాణానికి కేంద్రం పైపరజిన్ అనే వలయం. అదే పైపరజిన్‌ను మనుషుల్లోనూ గుర్రాల్లోనూ ఏలికపాములకు మందుగా ఎన్నో ఏళ్లు వాడారు.

ఇప్పుడు గుర్రజాతికి ముఖ్యంగా వాడేవి మూడు కుటుంబాల మందులు. మొదటిది బెంజిమిడజోల్ కుటుంబం. 1961లో వచ్చిన థయాబెండజోల్‌తో మొదలై ఫెన్‌బెండజోల్ వంటివి ఇందులో చేరాయి. ఇవి నట్ట కణంలోని ట్యూబ్యులిన్ అనే ప్రోటీనును పట్టుకుని, అది ఆహారం పీల్చుకోకుండా చేస్తాయి. నట్ట మెల్లగా ఆకలితో చస్తుంది. రెండవది పైరాంటెల్. ఇది నట్ట కండరాలను బిగబట్టి కదలకుండా చేస్తుంది. మూడవది ఐవర్‌మెక్టిన్ కుటుంబం. జపాను నేల నుంచి తీసిన సూక్ష్మజీవి ఇచ్చిన ఈ మందు 1981లో పశువైద్యంలోకి వచ్చింది. దానికి మూలపురుషులైన సతోషి ఓమురా, విలియం కాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. నట్ట నరాల్లో వుండే ఒక ప్రత్యేకమైన క్లోరైడు ద్వారాన్ని ఇది తెరిచి పక్షవాతం తెప్పిస్తుంది.

గుర్రజాతిలో గుండ్రటి నట్టల మీద పనిచేసే కొత్త కుటుంబం ఆ తరువాత ఇంతవరకు రాలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. వున్న మూడూ పాడు చేసుకుంటే నాలుగోది లేదు.

గాడిద చిన్న గుర్రం కాదు, పెద్ద మేక కాదు

మన పల్లెల్లో గాడిదకు మందు దొరికినా, అది సాధారణంగా గేదె కోసం తెచ్చిన సీసాలో మిగిలినదే. ఇందులో వున్న ప్రమాదాలు చెబుతాను.

ఒకటి, మోతాదు. ఫెన్‌బెండజోల్ పశువులకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, గుర్రజాతికి 7.5. నూట ఇరవై కిలోల గాడిద అనుకుందాం. దానికి కావలసింది 900 మిల్లీగ్రాములు. పశువుల లెక్కన పోస్తే 600 అవుతుంది. పైగా "దీని బరువెంతలే, ఎనభై వుంటుంది" అని కంటి అంచనా వేస్తే 400కు దిగుతుంది. సగం కూడా కాదు! పైపెచ్చు, గాడిద శరీరం కొన్ని మందులను గుర్రం కన్నా వేగంగా విరిచి బయటకు పంపుతుంది. తక్కువ మోతాదు వల్ల బలహీనమైన నట్టలు చచ్చి, గట్టివి బతికి, వాటి సంతానమే మిగులుతుంది. తాడేపల్లిగూడెం వంటి మిల్లుల వూళ్లో కాటాకు కొదవ లేదు. ఒక్కసారి గాడిదను కాటా ఎక్కిస్తే ఈ అంచనాల గొడవ తీరిపోతుంది.

రెండు, మందు రకం. లెవామిసోల్ పశువులకూ గొర్రెలకూ వాడతారు; గుర్రజాతిలో మంచి మోతాదుకూ విషపు మోతాదుకూ మధ్య ఎడం బాగా తక్కువ. పశువులకు చర్మం కింద వేసే ఐవర్‌మెక్టిన్ సూదిని గాడిదకు వేయకూడదు. సూది వేసిన చోట వాపు, ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ గుర్రాల్లో కనిపించాయి. గుర్రజాతికి ఐవర్‌మెక్టిన్ నోటి ద్వారా ఇవ్వాలి. మోతాదు కిలోకు 0.2 మిల్లీగ్రాములు. చూలు తొలిరోజుల్లో ఆల్బెండజోల్ పిండానికి హాని చేయగలదు.

మూడు, పట్టించే పద్ధతి. తల పైకెత్తి వెదురు గొట్టంతో గబగబా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ముద్దలా వుండే పేస్టు మందును నాలుక వెనుక పెట్టడం క్షేమం.

నాలుగు, పిల్లల సంగతి. కడుపునిండా ఏలికపాములున్న గాడిద పిల్లకు పక్షవాతం తెప్పించే మందు ఒక్కసారిగా ఇస్తే, చచ్చిన పురుగులన్నీ తాడులా చుట్టుకుని పేగుకు అడ్డం పడతాయి. పేగు పగిలి పిల్ల చనిపోవచ్చు. మెల్లగా చంపే బెంజిమిడజోల్ అక్కడ మేలు. ఏది, ఎంత, ఎన్నాళ్లు అన్నది పశువైద్యుడే నిర్ణయించాలి. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చే ఏర్పాటుంది. గన్నవరంలో పశువైద్య కళాశాల వుంది. "మా గాడిదకు" అని అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

మందు పనిచేయని రోజు

రెండు నెలలకోసారి అన్ని గుర్రాలకూ మందు కొట్టేయడమే మంచిదని లోకం చాలాకాలం నమ్మింది. ఫలితమేమిటంటే, చిన్న స్ట్రాంగైలులు బెంజిమిడజోల్‌కు లొంగడం మానేశాయి. గుర్రపు ఏలికపాము ఐవర్‌మెక్టిన్‌కు లొంగడం లేదని 2002లో మొదట నెదర్లాండ్స్ నుంచి కబురు వచ్చింది. తరువాత అనేక దేశాల్లో అదే కనిపించింది. ట్యూబ్యులిన్ ప్రోటీనులో 200వ స్థానంలో ఫినైల్ అలనిన్ బదులు టైరోసిన్ చేరడం వంటి చిన్న మార్పు చాలు, మందు పట్టు జారిపోతుంది. డార్విన్ సిద్ధాంతాన్ని పరీక్షలో రాయడానికి మనం గాలపాగోస్ పిచ్చుకల్ని వెతుక్కుంటాం. గాడిద పేగులో అది రోజూ జరుగుతూనే వుంది.

దీనికి విరుగుడు ఏమిటి? ఏ మందలోనైనా నట్టలు అందరిలో సమానంగా వుండవు. సుమారు ఐదోవంతు జంతువులే మొత్తం గుడ్లలో నూటికి ఎనభై దాకా విడుస్తాయి. వాటిని గుర్తించి వాటికే మందు ఇస్తే, తక్కిన జంతువుల్లోని మందు తగలని నట్టలు మిగిలి, గట్టివాటితో కలిసి వాటి సంఖ్యను పలచన చేస్తాయి. వినడానికి విడ్డూరంగా వుంటుంది గాని, కొన్ని నట్టల్ని బతకనివ్వడమే మందును బతికించే ఉపాయం!

అయితే దీన్నీ అతి చేయకూడదు. డెన్మార్కులో 1999 నుంచి గుర్రాలకు నట్టల మందు పశువైద్యుని చీటీ మీదే ఇస్తున్నారు. లెక్క ఎక్కువ వచ్చినవాటికి మాత్రమే మందు వాడిన చోట్ల, నేను మొదట చెప్పిన ప్రమాదకారి స్ట్రాంగైలస్ వల్గారిస్ మళ్లీ తల ఎత్తింది. కనుక లెక్క తక్కువగా వున్నా, ఏడాదికి ఒకటి రెండు సార్లు సరైన మందు, మిగతా సమయంలో లెక్క చూసి మందు – ఇదీ ఇప్పుడు నిపుణులు చెబుతున్న మధ్యేమార్గం.

లెక్క ఎలా?

ఇది మన ప్రయోగశాలలో చేయగలిగిన పని. 1939లో ఆస్ట్రేలియాలో గార్డన్, విట్‌లాక్ అనే ఇద్దరు గొర్రెల కోసం కనిపెట్టిన మెక్‌మాస్టర్ పద్ధతి దీనికి చాలు. కావలసినవి ఒక సూక్ష్మదర్శిని, మెక్‌మాస్టర్ స్లైడు, టీ వడగట్టు, త్రాసు, ఉప్పు.

లీటరు నీటిలో ఉప్పును ఇక కరగదనేదాకా – సుమారు 360 గ్రాములు – కలిపి తేర్చుకోవాలి. అప్పుడే పడిన లద్దె ఉండల్లో రెండు మూడింటి నుంచి కొంచెం కొంచెం తీసి, 4 గ్రాములు తూచి, 56 మిల్లీలీటర్ల ఉప్పునీటిలో పిసికి వడగట్టాలి. ఆ నీటితో స్లైడులోని రెండు గదులు నింపి అయిదు నిమిషాలు వుంచాలి. గుడ్లు ఉప్పునీటికన్నా తేలిక గనుక పైకి తేలుతాయి. స్ట్రాంగైలు గుడ్డు కోలగా, పలచని పెంకుతో, లోపల కణాల గుత్తితో వుంటుంది. ఏలికపాము గుడ్డు గుండ్రంగా, గోధుమరంగులో, దళసరి పెంకుతో వుంటుంది. రెండు గళ్లలోని గుడ్లను లెక్కపెట్టి 50తో గుణిస్తే గ్రాము లద్దెలో ఎన్ని గుడ్లున్నాయో వస్తుంది. మొత్తం ద్రవం 60 మిల్లీలీటర్లు, రెండు గళ్ల కింద వున్నది 0.3; లద్దె 4 గ్రాములు – ఆ 50 ఎలా వచ్చిందో మీరే లెక్కవేసుకోవచ్చు. లద్దెను సాయంత్రం దాకా ఎండలో వుంచితే గుడ్లు పొదిగిపోయి లెక్క తప్పుతుంది; గాలి తీసేసిన ప్లాస్టిక్ సంచిలో చల్లగా వుంచి ఆ రోజే చూడాలి.

ఎదిగిన గుర్రాల్లో గ్రాముకు 200 నుంచి 500 గుడ్లు దాటితే మందు ఆలోచిస్తారు. మందిచ్చిన 14వ రోజున మళ్లీ లెక్క పెట్టాలి. ఉదాహరణకు ముందు 24 గుడ్లు కనిపించి, అంటే గ్రాముకు 1200, తరువాత ఒక్కటే కనిపిస్తే, అంటే 50, తగ్గుదల సుమారు 96 శాతం, మందు పనిచేసినట్లే. అదే 10 కనిపిస్తే, అంటే 500, తగ్గుదల 58 శాతమే. మోతాదు సరిగ్గా ఇచ్చి వుంటే ఆ మందుకు ఆ నట్టలు లొంగడం లేదన్నమాట. ఈ రెండవ లెక్క లేకుండా మందు పనిచేసిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఒక పరిమితి మాత్రం వుంది. పేగు గోడలో నిద్రపోయే పిల్లపురుగులు గుడ్లు పెట్టవు. అవి ఈ లెక్కకు అందవు.

లద్దె ఎత్తడమే సగం మందు

గాడిద కట్టేసే చోట, మేసే చోట వారానికి రెండుసార్లు లద్దె ఎత్తేస్తే పిల్లపురుగులు గడ్డిమీదికి చేరేలోపే గొలుసు తెగిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. ఎత్తిన లద్దెను కుప్పపోసి మాగనిస్తే లోపలి వేడికి గుడ్లూ పిల్లపురుగులూ చస్తాయి. గాడిద మేసిన చోట తరువాత ఆవుల్నో గేదెల్నో మేపడం కూడా మంచిదే. గాడిద స్ట్రాంగైలు ఆవు కడుపులో బతకలేదు. ఆవు మేతతో అది నాశనమవుతుంది. ట్రైకోస్ట్రాంగైలస్ ఆక్సీ వంటి ఒకటి రెండు నట్టలూ, కార్జపు జలగలూ మాత్రం రెండింటికీ ఉమ్మడి ఆస్తి.

కొల్లేటి ప్రాంతంవారికి ఒక హెచ్చరిక. ఐవర్‌మెక్టిన్ చాలా భాగం లద్దెలోనే బయటికి వస్తుంది. అది పేడపురుగులకు హాని చేస్తుంది. నీటిలోని డాఫ్నియా వంటి సూక్ష్మమైన క్రస్టేషియన్లకు అతి తక్కువ పరిమాణంలోనే విషం. చేపపిల్లల ఆహారం అవే గదా! 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు మనది. మందు పట్టించిన గాడిదను కొన్నాళ్లు చెరువు గట్టుకు దూరంగా కట్టి, ఆ లద్దె నీళ్లలో పడకుండా చూడాలి. ఎరువుగా చేపల చెరువులో అసలే వేయకూడదు.

ఇంకొక మాట పాల గురించి. చంటిపిల్లలకు దగ్గు, ఉబ్బసం పోతాయని వీధుల్లో తిప్పే ఆడగాడిద పాలు అక్కడికక్కడే పిండి పచ్చిగా పట్టిస్తుంటారు. ఐవర్‌మెక్టిన్ కొవ్వులో కరిగే మందు; పాలలోకి వస్తుంది. ఆ గాడిదకు నిన్న ఏ మందు పట్టారో కొనే తల్లికి తెలియదు. కాచని పాలతో వచ్చే సూక్ష్మక్రిముల భయం దానికి అదనం. మందు పట్టించిన గాడిద పాలు అమ్మకూడదని యజమానికీ, పచ్చిపాలు పసిపిల్లలకు పట్టవద్దని తల్లికీ చెప్పవలసిన బాధ్యత చదువుకున్న మనమీద వుంది.

మనం చేయగలిగింది

ప్రయోగశాలలో సూక్ష్మదర్శినులు వున్నాయి. ప్రాక్టికల్స్‌లో మనం ఫార్మలిన్ సీసాలోని అస్కారిస్‌ను ఏటా గీసి, రికార్డు మీద సంతకం పెట్టించుకుంటున్నాం. తొలకరికి ముందొక ఆదివారం, వానలు వెనుకబట్టాక ఒక ఆదివారం – ఏడాదికి రెండే రెండు రోజులు – ఎన్.ఎస్.ఎస్. మిత్రులూ, జంతుశాస్త్ర విద్యార్థులూ కలిసి చాకిరేవు దగ్గరికీ, ఇటుక బట్టీల దగ్గరికీ వెళ్లి లద్దె తెచ్చి లెక్క కట్టగలం. ఏ గాడిదకు ఎన్ని గుడ్లో, దాని బరువెంతో ఒక చీటీ మీద రాసి యజమాని చేతికీ, పశువైద్యుని చేతికీ ఇవ్వగలం. మందు రాయడం మన పని కాదు. లెక్క చెప్పడం మన పని. పదిహేను రోజులకు మళ్లీ వెళ్లి రెండవ లెక్క తేవడం ఇంకా ముఖ్యమైన పని. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. కాస్త ఉప్పు, కాస్త ఓపిక, లద్దె పట్టుకోవడానికి సిగ్గుపడని చేతులు చాలు.

ఈ విషయమై ఆసక్తి గల విద్యార్థి మిత్రులూ, మార్గం చూపగల అధ్యాపకులూ, పశువైద్య శాఖలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులూ ముందుకు రావాలని సవినయంగా కోరుతున్నాను. మొదటి ఆదివారానికి ఉప్పు నేను తెస్తాను.